అరలీటరు

కళింగపట్నం రేవులో మూడో నంబరు కట్టారని
మైకు ఆటో చెప్పి ఇంకా మలుపైనా తిరగలేదు,
మా కొట్టు ముందర చెప్పులు పరుచుకున్నాయి.

మొదట అయిపోయినవి కొవ్వొత్తులు.
తర్వాత అగ్గిపెట్టెలు, డజన్ల లెక్కన.
ఒక పుల్లకి ఒక రాత్రి చొప్పున వేసుకున్నా
ఏడాదికి సరిపడా చీకటి కొనుక్కెళ్ళారు జనం.
బెందాళం వారి కోడలు ఉప్పు ఆరు కేజీలు అడిగింది.
"అంతుప్పు ఏటి సేసుకుంటావే గుంటా" అంటే
"ఏమో పిన్నీ, పక్కింటోలు అయిదు అట్టుకెల్లారు" అంది.

మా ఆయన ఇచ్ఛాపురంతో ఫోను మాట్లాడి పెట్టేశాక
ఉల్లిపాయల గంపలోని అట్టముక్క మీద
ముప్ఫైని కొట్టేసి యాభై రాశాడు.
చూశాను.
చూడనట్టు పంచదార పొట్లం కట్టాను.

నేను మాత్రం తక్కువ తిన్నానా?
చోళ్ళ బస్తా వెనక, గోనె కింద
కొవ్వొత్తుల పెట్టె ఒకటి, పాలపొడి డబ్బాలు రెండు,
బెల్లం దిమ్మలు మూడు
మధ్యాహ్నమే దాచీసాను.
ఎవరడిగినా "నిండుకున్నాయి" అన్నాను.
కొట్లో కూర్చుని లేవు అనకూడదు గదా.
పుట్టి బుద్ధెరిగాక ఆ మాటకి
ఉన్న అర్థం ఉన్నట్టు వాడింది ఆ ఒక్కరోజే.

పోయినసారి గాలికి స్తంభాలు పడి
పదకొండు రోజులు మోటారు తిరగలేదు.
అది ఎవరూ మరవలేదు.
బిందెలు, బకెట్లు, పెళ్ళి గుండిగలు, చంటిదాని స్నానం తొట్టి,
ఊళ్ళో నోరున్న ప్రతి సామానూ
నీళ్ళు పట్టుకుని గోడవారన కూర్చుంది.

దీపాలేళకి తవిటమ్మ వచ్చింది.
ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే
మూడోదాన్ని ఎవరికో ఇచ్చేసి
చేటెడు తవుడుకి తిరిగి కొనుక్కున్నారట.
ఇంత చవకబారుది మనకెందుకని
చావు పట్టించుకోకుండా పోవాలని ఆ పేరు.

"నీళ్ళ డబ్బాలు రెండే మిగిలాయి వదినా, తియ్యనా?"
"నీళ్ళేటి సేసుకుంటాం?
ఆయనకి రోజుకి అరలీటరే లెక్క.
డాట్రుబాబు సీసా మీద గీత గీసిచ్చినాడు."
మంగళవారం, శుక్రవారం
సోంపేటలో మిషను పక్కన పడుకుని వస్తాడు లోకనాథం.
తెల్లారితే శుక్రవారం.

"రంపం ఉందా?"

ఉంది. మూడేళ్ళుగా మేకుకి వేలాడుతూ, తుప్పుతో.
తవిటమ్మ దాని పళ్ళమీద బొటనవేలు రాసి చూసింది.
"పోయినసారి రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లే.
దారి తియ్యడానికి నాలుగు రోజులు పట్టింది.
మా బావగారు అప్పటిదాకా ఆగలేదు."
బస్సు గురించి చెప్పినట్టు చెప్పింది.

మా ఆయన ధర చెప్పబోయి, అట్టముక్క కోసం వెతికాడు.
రంపానికి అట్టముక్క లేదు.
నేనే అరువు పుస్తకం లాక్కుని
తవిటమ్మ, రంపం ఒకటి, అని రాసి
పక్క గడి వదిలేశాను.

ఒంటిగంటకి పెంకులు లేచాయి.
మూడింటికి ఏం లేచిందో చూసే ధైర్యం లేదు.
ఒక కొవ్వొత్తి తీద్దామని లేచి, బస్తాదాకా వెళ్ళి
ఎందుకో తియ్యలేక
చీకట్లోనే కూర్చున్నాను.

తెల్లవారుజామున గాలి కొంచెం అణిగాక
రోడ్డు వైపునుంచి ఒక చప్పుడు.
గర్రు... గర్రు... ఆగింది.
మళ్ళీ గర్రు.
మా ఆయన లేచి కూర్చున్నాడు. ఎవరని అడగలేదు.
"గొడ్డలెక్కడ పెట్టావే" అన్నాడు.
చోళ్ళ బస్తా వెనకే. గోనె ఎత్తితే
పాలపొడి డబ్బాల మీది పిల్లలిద్దరూ
నా మొహంలోకి చూసి నవ్వారు.
ఆయన గొడ్డలి భుజాన వేసుకుని
మోకాటిలోతు నీళ్ళలోకి దిగిపోయాడు.

గుండిగ నిండా నీళ్ళు.
దాహమేసి గ్లాసు ముంచాను.
తాగకుండా, అరలీటరంటే ఎంతో
ఖాళీ సీసాలోకి కొలిచి చూశాను.
రెండు గ్లాసులు.
రెండోది నిండా కూడా కాదు.